ఆకాశంలో 2596 నంబర్ రాయి.. దానికి బేగంపేటలో పెరిగిన కుర్రాడి పేరు ఎలా వచ్చింది?

అంగారకుడికి, బృహస్పతికి మధ్య లక్షల సంఖ్యలో రాళ్లు సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. వాటినే గ్రహశకలాలు అంటాం. అందులో ఓ చిన్న రాయి నంబర్ 2596. మామూలు కంటికి అది కనిపించదు, పెద్ద టెలిస్కోప్‌లో చూసినా ఓ చుక్కే. కానీ నంబర్ పక్కన ఓ పేరుంది: వైను బప్పు.

ఆయన పుట్టింది మద్రాసులో. సొంతూరు కేరళ వైపు. పెరిగింది, చదివింది, ఆకాశాన్ని చూడటం నేర్చుకుంది మాత్రం హైదరాబాద్‌లో. చిలీలో ఓ డెన్మార్క్ శాస్త్రవేత్త కనిపెట్టిన రాయికి మన నిజాం కాలేజీ విద్యార్థి పేరు ఎలా చేరింది? పాలమూరు, నల్గొండ జిల్లాల మీద పట్టపగలు చీకటి పడిన రోజుకీ ఆయన కథకీ ఉన్న సంబంధం ఏంటి? చూద్దాం.

నాన్న ఉద్యోగమే మొదటి బడి

మనాలి కల్లాట్ వైను బప్పు 1927 ఆగస్టు 10న పుట్టారు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. తండ్రి హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు.

ఈ అబ్జర్వేటరీ గురించి ఇప్పటి తరానికి పెద్దగా తెలియదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తన సొంత ఆసక్తితో ఇంగ్లండ్ నుంచి టెలిస్కోప్ తెప్పించి దీన్ని మొదలుపెట్టారు. ఆయన తర్వాత 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. బేగంపేటలో కొత్త భవనాలు కట్టారు. అప్పట్లో ప్రపంచంలోని అబ్జర్వేటరీలు కొన్ని కలిసి ఆకాశాన్ని వాటాలుగా పంచుకుని, ఎవరి వాటాలోని నక్షత్రాలను వాళ్లు ఫొటోలు తీసి లెక్క రాసే భారీ పనిలో ఉన్నాయి. ఆ పంపకంలో హైదరాబాద్‌కీ ఓ వాటా వచ్చింది. బేగంపేటలో కూర్చుని లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. 1919లో అబ్జర్వేటరీ ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వెళ్లింది.

అలాంటి చోట పనిచేసే తండ్రికి పుట్టిన పిల్లాడికి టెలిస్కోప్ అంటే వింత కాదు. ఇంట్లో వస్తువులాంటిదే. స్కూల్లో, నిజాం కాలేజీలో చదువుతో పాటు డిబేట్లు, ఆటల్లోనూ వైను బప్పు ముందుండేవారు. కానీ మనసంతా ఆకాశం మీదే. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలను గమనించడం అప్పుడే మొదలుపెట్టారు. డిగ్రీ చేతికి రాకముందే నక్షత్రాల మీద పరిశీలనలు చేసి రాసిన విద్యార్థి ఆయన.

దేశంలో అప్పటికి ఖగోళశాస్త్రం చదవాలంటే సరైన దారి లేదు. పెద్ద టెలిస్కోపులు లేవు, నేర్పే డిపార్ట్‌మెంట్లూ లేవు. హార్వర్డ్ అబ్జర్వేటరీ డైరెక్టర్ హార్లో షాప్లీ ఇండియాకు వచ్చినప్పుడు ఆయనతో పరిచయం కలిసింది. ఆ పరిచయమే అమెరికాకు తలుపు తీసింది. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ మరుసటి ఏడాదే హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద బప్పు హార్వర్డ్‌లో అడుగుపెట్టారు. వయసు అప్పటికి ఇంకా 22 నిండలేదు.

వెళ్లిన కొద్ది నెలలకే తోకచుక్క

1949 జులై 2. టెలిస్కోప్‌తో తీసిన ఫొటో ప్లేటును బప్పు పరీక్షగా చూస్తున్నారు. ఉండాల్సిన నక్షత్రాల మధ్య ఉండకూడనిదేదో కనిపించింది. అధ్యాపకుడు బార్ట్ బోక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ కూడా చూశారు. అది అంతకుముందు ఎవరూ చూడని తోకచుక్క అని తేలింది.

ఖగోళశాస్త్రంలో ఓ ఆనవాయితీ ఉంది. తోకచుక్కకు దాన్ని కనిపెట్టినవాళ్ల పేరే పెడతారు. అలా అది బప్పు-బోక్-న్యూకిర్క్ తోకచుక్క అయింది. పేరులో మొదటి మాట హైదరాబాద్ నుంచి వెళ్లిన విద్యార్థిది. భారతీయుడి పేరు మీద ఓ తోకచుక్క ఉండటం చాలా అరుదైన సంగతి. ఆ తోకచుక్క మళ్లీ రావాలంటే వేల ఏళ్లు పడుతుంది. ఈ పనికి ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ ది పసిఫిక్ ఆయనకు డోన్హో కామెట్ మెడల్ ఇచ్చింది.

ఇక్కడ ఓ తేడా గుర్తుపెట్టుకోవాలి. తోకచుక్క అయితే కనిపెట్టినవాళ్ల పేరు దానంతటదే వస్తుంది. గ్రహశకలానికి అలా కాదు. కనిపెట్టిన మనిషి తన పేరు తానే పెట్టుకోడు, ఇంకొకరి పేరు సూచిస్తాడు. అంటే తోకచుక్క మీద ఉండేది సొంతంగా సంపాదించుకున్న పేరు. గ్రహశకలం మీద ఉండేది మరొకరు ఇచ్చిన గౌరవం. వైను బప్పుకు ఈ రెండూ దక్కాయి.

నక్షత్రం దూరం చెప్పే గీత

1952లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పూర్తయింది. తర్వాత కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియాలోని పాలోమార్‌కు వెళ్లారు. ప్రపంచంలోనే అతిపెద్ద టెలిస్కోప్ అప్పట్లో అక్కడే ఉండేది. ఆ ఫెలోషిప్ మీద అక్కడికి వెళ్లిన తొలి భారతీయుడు ఆయనే.

అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఓ విషయం మీద పనిచేశారు. దాన్ని తేలిగ్గా చెప్పుకుందాం. రాత్రిపూట దూరంగా ఓ దీపం కనిపిస్తోంది. అది దగ్గర్లోని చిన్న బల్బా, దూరంగా ఉన్న పెద్ద ఫ్లడ్‌లైటా? చూడగానే చెప్పలేం. ఆ దీపం అసలు ఎన్ని వాట్లదో తెలిస్తే మాత్రం ఎంత దూరంలో ఉందో లెక్కకట్టొచ్చు. నక్షత్రాల విషయంలోనూ ఇదే చిక్కు.

నక్షత్రం కాంతిని రంగులుగా విడదీస్తే అందులో సన్నని గీతలు కనిపిస్తాయి. కాల్షియం వల్ల వచ్చే ఓ గీతను శాస్త్రవేత్తలు కె గీత అంటారు. సూర్యుడిలాంటి, అంతకంటే చల్లని నక్షత్రాల్లో ఆ నల్లటి గీత మధ్యలో చిన్న వెలుగు మెరుస్తుంది. ఆ వెలుగు ఎంత వెడల్పుంటే నక్షత్రం అసలు ప్రకాశం అంత ఎక్కువ అని విల్సన్, బప్పు తేల్చారు. అంటే గీత వెడల్పు కొలిస్తే బల్బు వాట్లు తెలిసినట్టే. అక్కడి నుంచి దూరం లెక్క కట్టొచ్చు. 1957లో వచ్చిన ఈ పరిశోధనను ఇవాళ్టికీ విల్సన్-బప్పు ఎఫెక్ట్ అనే పేరుతో పాఠ్యపుస్తకాల్లో చదువుతున్నారు.

మరి అక్కడే ఉండిపోవచ్చుగా?

ఉండిపోవచ్చు. తోకచుక్క, పీహెచ్‌డీ, పాలోమార్.. అమెరికాలో స్థిరపడటానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ 1953లో ఆయన ఇండియాకు తిరిగొచ్చారు. ప్రపంచంలోని అతిపెద్ద టెలిస్కోప్‌ను వదిలి, సరైన టెలిస్కోపే లేని చోటికి వచ్చారు. ఆయన జీవితంలో అసలు మలుపు ఇదే.

మొదట ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ అబ్జర్వేటరీ. అది వారణాసిలో మొదలైంది. గంగ ఒడ్డున మైదానంలో దుమ్ము, తేమ, ఊరి వెలుగులు. నక్షత్రాలు చూడటానికి అది తగిన చోటు కాదని బప్పుకు అర్థమైంది. 1955లో అబ్జర్వేటరీని నైనితాల్ కొండలకు మార్చారు. తర్వాతి కాలంలో అది అక్కడి మనోరా శిఖరం మీద స్థిరపడింది. ఇవాళ దేశంలోని ముఖ్యమైన ఖగోళ కేంద్రాల్లో అదొకటి.

1960లో తమిళనాడులోని కొడైకెనాల్ అబ్జర్వేటరీకి డైరెక్టర్‌గా వెళ్లారు. బ్రిటిష్ కాలం నుంచి సూర్యుణ్ని రోజూ ఫొటోలు తీస్తున్న చోటు అది. కాల్షియం కె గీత వెలుగులో తీసిన సూర్యుడి ఫొటోలు దశాబ్దాలవి అక్కడ పోగై ఉన్నాయి. నక్షత్రాల్లో బప్పు ఏ గీత మీద పనిచేశారో, సూర్యుడిలో అదే గీత కథ అక్కడ ప్లేట్లలో భద్రంగా ఉందన్నమాట.

అయితే కొడైకెనాల్‌లో పగలు సూర్యుడు బాగానే కనిపిస్తాడు గానీ రాత్రిళ్లు మబ్బులు, పొగమంచు. నక్షత్రాల కోసం వేరే చోటు కావాలి. దక్షిణ భారతమంతా వెతికారు. చివరికి జవ్వాది కొండల్లో, అలంగాయం దగ్గర కావలూరు అనే చిన్న ఊరు నచ్చింది. ఇది మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు మరీ దూరమేం కాదు. చుట్టూ అడవి, రాత్రి చిమ్మచీకటి. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఉత్తరాకాశంతో పాటు దక్షిణాకాశం కూడా చాలావరకు కనిపిస్తుంది.

1968లో అక్కడ 38 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో పని మొదలైంది. 1972లో ఒక మీటరు టెలిస్కోప్ వచ్చింది. పెట్టిన ఏడాదే ఫలితం ఇచ్చింది. బృహస్పతి చందమామ గానిమీడ్ ఓ నక్షత్రానికి అడ్డంగా వెళ్లినప్పుడు గమనించి, దాని చుట్టూ పలచని వాతావరణం ఉండొచ్చనే ఆధారం దొరకబుచ్చుకున్నారు. 1977లో యురేనస్ చుట్టూ వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసిన ఆ రాత్రి, కావలూరు టెలిస్కోప్ కూడా అటే చూస్తోంది. ఈలోగా 1971లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ సొంతంగా నిలబడింది. దాని తొలి డైరెక్టర్ బప్పు.

ఇటు మన జాపాల-రంగాపూర్

బప్పు కావలూరులో పునాదులు వేస్తున్న రోజుల్లోనే, ఆయన బాల్యం గడిచిన నిజామియా అబ్జర్వేటరీకి కూడా అదే సమస్య ఎదురైంది. హైదరాబాద్ పెరిగింది. బేగంపేటకు విమానాశ్రయం వచ్చింది, కాలనీలు వచ్చాయి, లైట్లు వచ్చాయి. ఆకాశం వెలిసిపోయింది. ఉస్మానియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు నగరం దాటి చీకటి వెతుక్కున్నారు. హైదరాబాద్ నుంచి యాభై కిలోమీటర్లకు పైగా, నల్గొండ సరిహద్దుకు దగ్గర్లో జాపాల, రంగాపూర్ గ్రామాల మధ్య గుట్ట వాళ్లకు నచ్చింది. 1968లో అక్కడ 48 అంగుళాల టెలిస్కోప్ మొదలైంది. అప్పట్లో దేశంలోని పెద్ద టెలిస్కోపుల్లో అదొకటి.

అంటే ఒకే ఏడాది రెండు చోట్ల ఒకే ఆలోచన. ఊళ్లకు దూరంగా, మబ్బులకు దూరంగా, చీకటికి దగ్గరగా. దక్షిణ తెలంగాణ మెట్ట భూములకు వాన తక్కువ. రైతుకు అది కష్టం. ఆకాశం చూసేవాడికి మాత్రం అదే వరం. ఏడాదిలో చాలా రాత్రిళ్లు నిర్మలంగా ఉంటాయి.

పాలమూరు, నల్గొండ మీద పట్టపగలు చీకటి

1980 ఫిబ్రవరి 16, శనివారం. మధ్యాహ్నం దాటాక చందమామ నీడ అరేబియా సముద్రం మీదుగా కర్ణాటకలో అడుగుపెట్టింది. రాయచూరు దాటి పాలమూరు జిల్లాలోకి, అక్కడి నుంచి నల్గొండ, ఖమ్మం మీదుగా ఒడిశా వైపు దూసుకెళ్లింది. సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ నడిచిన మధ్య గీత హైదరాబాద్‌కు దక్షిణంగా, సరిగ్గా ఈ రెండు జిల్లాల మీదుగానే సాగింది.

చాలా ఊళ్లల్లో జనం తలుపులు బిడాయించుకున్నారు. గర్భిణులను గడప దాటనివ్వలేదు. అదే సమయంలో దేశ విదేశాల శాస్త్రవేత్తలు ఆ ఊళ్ల పక్కనే టెలిస్కోపులు బిగించుకుని ఆకాశం వైపు చూస్తున్నారు. జాపాల-రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా చీకటి పట్టీలోనే ఉండటంతో అక్కడా శిబిరాలు వెలిశాయి. బప్పు నడిపిస్తున్న ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు పక్కనే కర్ణాటకలో శిబిరాలు పెట్టారు.

పాలమూరు జిల్లా పాలెం గ్రామం ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. ఆ రోజు అమెరికా శాస్త్రవేత్తలు అక్కడే మకాం వేశారు. రెండు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మూసుకుపోయాడు. అప్పుడు సూర్యుడి చుట్టూ వెండి పూరేకుల్లా విచ్చుకున్న కరోనాను ఫొటో తీశారు. సూర్యుడు బాగా చురుగ్గా ఉన్న కాలం కావడంతో ఆ రేకులు అన్ని వైపులా విరిశాయి. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఎక్కడ తీశారు అన్న చోట పాలెం, ఇండియా అని ఉంటుంది. అమెరికాలో సూర్యుడి గురించి చదివే విద్యార్థులకు తెలిసిన ఆ ఊరి పేరు, మన దగ్గర చాలామందికి ఆ కారణంగా తెలియదు.

ఆ గ్రహణం నాటికి బప్పు మామూలు డైరెక్టర్ కాదు. 1979లో ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ యూనియన్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తలందరి సంఘం అది. గ్రహాలకు, ఉపగ్రహాలకు, గ్రహశకలాలకు అధికారికంగా పేర్లు ఖాయం చేసేది కూడా ఆ సంఘమే. 1981లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

ఇక రాయి కథకు వద్దాం

1979 మే 19. దక్షిణ అమెరికా దేశం చిలీలోని లా సిల్లా కొండ. యూరప్ దేశాలు కలిసి కట్టుకున్న అబ్జర్వేటరీ అక్కడ ఉంది. డెన్మార్క్‌కు చెందిన రిచర్డ్ వెస్ట్ అక్కడ తీసిన ఫొటోల్లో కదులుతున్న ఓ చుక్క దొరికింది. 1975లో వెస్ట్ తోకచుక్కను కనిపెట్టి పేరు తెచ్చుకున్న వెస్ట్ ఈయనే.

నక్షత్రాలు ఒకదానితో ఒకటి పోలిస్తే కదలవు. ఒకే చోటును కొంత వ్యవధితో ఫొటోలు తీస్తే నక్షత్రాలన్నీ ఉన్నచోటే ఉంటాయి. జరిగిన చుక్క ఏదైనా ఉంటే అది మన సౌర కుటుంబంలోనిదే. గ్రహశకలం దొరికేది ఇలాగే.

దొరగ్గానే పేరు పెట్టరు. ముందు తాత్కాలిక గుర్తు ఇస్తారు. ఈ రాయికి వచ్చిన గుర్తు 1979 కెఎన్. చూడటానికి బండి నంబర్‌లా ఉన్నా, ఇందులో లెక్క ఉంది. 1979 అంటే దొరికిన సంవత్సరం. ఏడాదిని పదిహేను రోజుల చొప్పున 24 భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్కో ఇంగ్లిష్ అక్షరం ఇస్తారు. ఐ అక్షరం అంకెలా కనిపిస్తుందని వదిలేస్తారు. ఆ వరుసలో కె అంటే మే నెల రెండో సగం. రెండో అక్షరం ఆ పదిహేను రోజుల్లో ఇది ఎన్నోదో చెప్తుంది. ఎన్ అంటే పదమూడోది.

తర్వాత అసలు పరీక్ష. ఆ రాయి ఏ దారిలో తిరుగుతోందో తేలాలి. ఒక్క రాత్రి ఫొటోలు చాలవు. ఏళ్ల తరబడి వేర్వేరు చోట్ల నుంచి చూసి, అది మళ్లీ ఎప్పుడు ఎక్కడ కనిపిస్తుందో ముందే చెప్పగలిగేంత కచ్చితంగా కక్ష్య లెక్క కుదరాలి. అప్పుడే శాశ్వత నంబర్ ఇస్తారు. ఈ రాయి 2596గా నిలబడింది. నంబర్ వచ్చాకే పేరు సూచించే హక్కు కనిపెట్టినవాళ్లకు వస్తుంది. సూచించిన పేరును యూనియన్ కమిటీ చూసి ఒప్పుకోవాలి. రాజకీయ నాయకులు, సైనికాధికారుల పేర్లయితే వాళ్లు చనిపోయి వందేళ్లు దాటాలి. డబ్బులిచ్చి కొనుక్కోవడం కుదరదు. నెట్‌లో నక్షత్రానికి మీ పేరు పెడతామంటూ సర్టిఫికెట్లు అమ్మేవాళ్లకూ ఈ వ్యవస్థకూ సంబంధమే లేదు.

బప్పు అధ్యక్షుడిగా ఉన్న కాలంలో యూనియన్ పనుల్లో రిచర్డ్ వెస్ట్ కూడా ఉన్నారు. తర్వాత 1982లో ఆ సంఘానికి జనరల్ సెక్రటరీ అయ్యారు. అలా లా సిల్లాలో దొరికిన రాయికి వైను బప్పు పేరు వచ్చింది. ఆకాశం మీద ఆయన పేరు రెండోసారి రాసుకుంది. మొదటిది తాను వెతికి పట్టుకున్న తోకచుక్క మీద. రెండోది తాను కనిపెట్టని రాయి మీద.

చూడకుండానే వెళ్లిపోయారు

బప్పుకు ఓ పెద్ద కోరిక ఉండేది. ఇండియాలో, ఇండియన్ ఇంజినీర్లు తయారు చేసిన పెద్ద టెలిస్కోప్ కావాలి. 2.34 మీటర్ల అద్దంతో టెలిస్కోప్ పని మొదలైంది. అద్దం గాజు విదేశం నుంచి వచ్చినా, దాన్ని సానపట్టే పని బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్‌లోనే పెట్టుకున్నారు. విదేశం నుంచి తయారు సరుకు తెప్పించుకుంటే త్వరగా అయిపోయేది. కానీ అప్పుడు టెలిస్కోప్ మిగిలేది గానీ, టెలిస్కోప్ చేయడం వచ్చినవాళ్లు మిగిలేవారు కాదు.

1982 ఆగస్టులో గ్రీస్‌లోని పాత్రాస్ నగరంలో యూనియన్ మహాసభలు. అధ్యక్షుడిగా వాటిని నడపాల్సింది బప్పే. గుండె జబ్బుకు ఆపరేషన్ కోసం ఆయన జర్మనీలోని మ్యూనిక్‌లో ఉన్నారు. అక్కడ సభలు జరుగుతుండగానే, 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. వయసు 55.

1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరులో 2.34 మీటర్ల టెలిస్కోప్‌ను జాతికి అంకితం చేశారు. టెలిస్కోప్‌కు వైను బప్పు టెలిస్కోప్ అని, మొత్తం కేంద్రానికి వైను బప్పు అబ్జర్వేటరీ అని పేరు పెట్టారు. దాన్ని కలగన్న మనిషి ఒక్క రాత్రి కూడా అందులోంచి చూడలేదు.

వందేళ్ల గ్యాప్ పూడ్చింది ఆయన కట్టిన చోటే

గ్రహశకలాలు కనిపెట్టడంలో దక్షిణ భారతానికి ఓ పాత చరిత్ర ఉంది. 1861లో మద్రాసు అబ్జర్వేటరీలో నార్మన్ పాగ్సన్ ఓ గ్రహశకలాన్ని పట్టుకున్నారు. ఆసియా ఖండం నుంచి దొరికిన మొదటిది కాబట్టి దానికి ఆసియా అనే పేరు పెట్టారు. దాని నంబర్ 67. తర్వాత అక్కడే మరికొన్ని పట్టుకున్నారు. 1885లో దొరికిన వేరా చివరిది. ఆ తర్వాత వందేళ్లకు పైగా మన దేశం నుంచి ఒక్కటీ లేదు.

ఆ మౌనాన్ని తెంచింది కావలూరే. 1988 ఫిబ్రవరి 17న ఆర్.రాజమోహన్ అక్కడి ష్మిట్ టెలిస్కోప్‌తో కొత్త గ్రహశకలాన్ని కనిపెట్టారు. దానికి నంబర్ 4130. పేరు గణిత మేధావి శ్రీనివాస రామానుజన్‌ది. అదే ఏడాది అక్కడ దొరికిన ఇంకో రాయి 8348. దానికి భట్టాచార్య అని పేరు పెట్టారు. జె.సి.భట్టాచార్య అంటే కావలూరులో బప్పుతో కలిసి పనిచేసి, ఆయన తర్వాత ఇన్‌స్టిట్యూట్‌ను నడిపించిన శాస్త్రవేత్త.

చూశారుగా. బప్పు పేరున్న రాయి దొరికింది చిలీలో. కానీ బప్పు వెతికి పెట్టిన కొండ మీద నుంచి మనవాళ్ల పేర్లున్న రాళ్లు దొరికాయి. ఏది పెద్ద గౌరవం అంటే రెండోదే అనుకోవాలి. ఎందుకంటే మొదటిది ఆయనతో ఆగిపోతుంది. రెండోది ఆయన లేకపోయినా సాగుతుంది.

మరి మన గుట్ట మీద?

జాపాల-రంగాపూర్ విషయం వేరేలా తిరిగింది. ఒకప్పుడు ఉస్మానియా విద్యార్థులు రాత్రంతా మేల్కొని నక్షత్రాలు కొలిచిన ఆ చోట పరిశీలనలు నెమ్మదిగా ఆగిపోయాయి. టెలిస్కోప్ పాతబడింది. హైదరాబాద్ వెలుగు కూడా అటువైపు పాకింది. బేగంపేట నుంచి చీకటిని వెతుక్కుంటూ వెళ్తే, వెలుగు వెనకాలే వచ్చేసింది. బప్పు వారణాసి నుంచి నైనితాల్‌కు, కొడైకెనాల్ నుంచి కావలూరుకు ఎందుకు కదిలారో అర్థం చేసుకోవాలంటే ఈ గుట్ట ఒక్కటి చాలు. అద్దం ఎంత పెద్దదైనా, దాని మీద చీకటి లేకపోతే ఉపయోగం లేదు.

ఆ చీకటి ఇంకా పూర్తిగా పోలేదు. నల్లమల అంచున, అచ్చంపేట దాటాక, దేవరకొండ వైపు, కృష్ణ ఒడ్డున ఇంకా ఊళ్లున్నాయి. అమావాస్య రాత్రి మిద్దె ఎక్కితే పాలపుంత కనిపించే ఊళ్లు అవి. ఆకాశం వైపు తిరిగి ఉన్న వీధి దీపాలకు మూతలు పెట్టి కిందికి వంచినా చాలా చీకటి మిగులుతుంది. దానికి కోట్లు అక్కర్లేదు.

ఇప్పుడు గ్రహశకలాల వేట స్కూలు పిల్లల దాకా వచ్చింది. పెద్ద టెలిస్కోపులు తీసిన ఫొటోలను కంప్యూటర్‌లో చూసి కదిలే చుక్కలు పట్టుకునే కార్యక్రమాల్లో మన దేశం విద్యార్థులూ పాల్గొంటున్నారు. ఫలానా స్కూలు పిల్లలు గ్రహశకలం కనిపెట్టారన్న వార్తలు తరచూ చూస్తుంటాం. అది నిజంగా మంచి మొదలు. కాకపోతే ఆ సర్టిఫికెట్‌కూ, నంబర్‌కూ, పేరుకూ మధ్య ఏళ్ల పరిశీలన ఉంటుందని పిల్లలకు చెప్పాలి. 1979 కెఎన్ అనే గుర్తు వైను బప్పు అనే పేరుగా మారడానికి కూడా అదే దారి.

2596 నంబర్ రాయి తన దారిన తాను తిరుగుతూనే ఉంటుంది. దానికి మన భాష తెలియదు, మన ఊరూ తెలియదు. దాని పేరు ఎవరిదో మనకు తెలిసి ఉండటమే ముఖ్యం. నాన్న పనిచేసే చోట టెలిస్కోప్ చూసి ఆకాశం మీద మనసు పడిన ఓ కుర్రాడు, ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోప్ దాకా వెళ్లి, అక్కడ ఆగకుండా వెనక్కి వచ్చి, తర్వాతివాళ్ల కోసం కొండలు వెతికాడు. పాలమూరులోనో, నల్గొండలోనో ఇవాళ రాత్రి మిద్దె మీద పడుకుని చుక్కలు లెక్కపెడుతున్న పిల్లలకు ఈ కథ చెప్పండి. వాళ్లు చూడాల్సిన ఆకాశం ఇంకా అక్కడే ఉంది.